కలప శాస్త్రము: మన విద్యార్థులు చూడని మార్గము

పట్టా పొందిన పిదప ఏమి చేయవలెనను విషయమై మన కళాశాల సంచికలో ఏటేటా ఒక వ్యాసమైనను వెలువడుట ఆనవాయితీ. అందులో వైద్యము, ఇంజనీరింగు, కంప్యూటరు, బ్యాంకు పరీక్షలు, గల్ఫు దేశములలో కొలువులు, ఇవియే తిరిగి తిరిగి కనిపించును. వానిని మేము తప్పుపట్టము. కాని మన తరగతి గదులలో కూర్చున్న వారిలో ఎందరి తండ్రులు కోత మిల్లులలోను, కలప అడితులలోను, ఫర్నిచరు దుకాణములలోను పనిచేయుచున్నారో ఒక్కసారి లెక్క పెట్టి చూచినచో ఒక వింత బోధపడును. తండ్రి చేతిలో దినమంతయు ఉండు వస్తువును గురించి విశ్వవిద్యాలయములలో ఒక శాస్త్రము ఉన్నదని కుమారునకు తెలియదు. తెలిసినను ఆ ఊసెత్తుటకు సిగ్గు. దరఖాస్తు పత్రములో తండ్రి వృత్తి అన్న చోట 'వడ్రంగి' అని వ్రాయుటకు బదులు 'వ్యాపారము' అని వ్రాయు పిల్లలను మేము ఎరుగుదుము. ఈ సిగ్గును గురించియే మాకు అన్నిటికన్న ఎక్కువ చింత.

కలపకు శాస్త్రమేమిటి, రంపము, ఉలి, చిత్రిక ఉన్న చాలదా అని నవ్వువారు కలరు. వారి యింటి తలుపునే అడుగుడు. శ్రావణ మాసములో తలుపు ఉబ్బి గడపకు పట్టుకొనును. చైత్ర వైశాఖములలో అదే తలుపు చెక్కల నడుమ సందు విడిచి వెలుతురు చూపును. ఇది ప్రతి గృహిణికి తెలిసినదే. ఎందుకు అన్న ప్రశ్నతో శాస్త్రము మొదలగును. పచ్చి కొయ్యలో నీరు రెండు స్థానములలో నుండును: కణముల బోలు భాగమున కొంత, కణముల గోడలలో కొంత. ఎండునప్పుడు మొదట బోలు భాగపు నీరు పోవును. అంతవరకు కొయ్య కొలతలు మారవు. తేమ సుమారు 30 శాతమునకు దిగిన పిదప గోడలలోని నీరు కదలుట ఆరంభించును, అప్పుడే కొయ్య కుదించుకొనును. ఆ కుదింపు అన్ని దిక్కుల సమానము కాదు. నిలువు పొడవున దాదాపు లేదు. దవ్వ నుండి బెరడు వైపునకు కొంత. వలయముల వెంబడి దానికి ఇంచుమించు రెట్టింపు. కావుననే అడ్డముగా కోసిన పలక బెరడు వైపు దొప్పవలె వంగును. అనుభవజ్ఞుడైన వడ్రంగి ఈ సంగతిని చేతితోనే ఎరుగును. పలకలను అతికించునప్పుడు ఒకదానిని బోర్లా, ఒకదానిని వెల్లకిలా పెట్టుట అందుకే. శాస్త్రజ్ఞుడు దానిని కొలిచి, ఏ జాతి కొయ్య ఎంత కుదించునో పట్టికగా వ్రాసి, బట్టీలో ఎంత వేడి, ఎంత ఆవిరి, ఎన్ని దినములు ఈయవలెనో నిర్ణయించును. ఇద్దరి జ్ఞానము ఒకటే. ఒకరిది చేతిలో, మరొకరిది కాగితము మీద.

గణిత విద్యార్థులకు ఇక్కడ ఒక చమత్కారము. కొయ్యలోని తేమ శాతమును పూర్తిగా ఎండిన కొయ్య బరువు మీద లెక్క కట్టుదురు. సుమారు 103 డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి, పోయిన నీటిని మిగిలిన కొయ్యతో భాగింతురు. అందుచేత తేలికజాతి పచ్చి కొయ్యలో తేమ 100 శాతము దాటుట వింత కాదు. మొదటిసారి విన్నవారు అచ్చుతప్పు అనుకొందురు.

ఈ చిన్న లెక్క తెలియనందువలన కలుగు నష్టము మన కళ్ల యెదుటనే కలదు. తరగతి గదులకు కొన్న బల్లలు కొన్ని రెండవ సంవత్సరమునకే కీళ్లు వదలి ఊగుట మనమందరము చూచినదే. సరఫరా చేసినవారు ఆరని కొయ్యతో చేసి ఇచ్చినారు. రంగు వేసినందున కంటికి తెలియలేదు. రెండు సూదులు గల చిన్న తేమ మాపకము ఒకటి కళాశాలలో నుండి, దానిని గ్రుచ్చి చూచువాడు ఒకడు ఉండినచో ఆ సరుకు వాకిటనే తిరిగిపోయెడిది. కమిటీ పెద్దలు ఈ మాటను నిష్ఠూరముగా భావింపక లెక్కగా భావింపవలెనని మనవి.

తెలుగున 'చేవ' అను మాట ఎంత గొప్పదో చూడుడు. మనిషిలో సత్తువ ఉన్నదన్నను చేవ ఉన్నదందుము, మాటలో పస ఉన్నదన్నను చేవ ఉన్నదందుము. మొదటి అర్థము మాత్రము చెట్టుదే: మాను నడుమనుండు ముదురురంగు గట్టి భాగము. అది జీవము లేని భాగమని విద్యార్థులు విని ఆశ్చర్యపడుదురు. చెట్టు తన కణములను అక్కడ చంపుకొని, వానిలో రంగు పదార్థములను, విషములను నింపి దాచిపెట్టును. టేకుకు చెద పట్టకపోవుటకు చేవలోని ఈ పదార్థములే కారణము. అదే టేకు మాను చుట్టునున్న తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. పుచ్చు పురుగు దానిని సునాయాసముగ తినును. టేకు అని చెప్పి తెల్లచెక్కకు రంగు పూసి అమ్మువారు అబద్ధము ఆడుటలేదు, నిజమును చెప్పుటయు లేదు.

చేవ లేని కొయ్యకు చేవ నిచ్చు విద్యలో ఒక మహోపకారము చేసినవాడు మన తెలుగువాడు. సొంటి కామేశముగారు దెహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేయుచు 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములను కలిపి ఒక ద్రావణమును తయారు చేసినారు. ఆర్సెనిక్, రాగి మూలకముల సంకేతములను జోడించి దానికి 'ఆస్క్యూ' అని పేరు పెట్టినారు. అంతకుముందు కొయ్యకు పట్టించిన లవణములు వానకు కరిగి కొట్టుకొనిపోవుచుండెడివి. ఈ ద్రావణములోని క్రోమియము కొయ్యలోనే మార్పు చెంది, రాగిని, ఆర్సెనిక్‌ను కణముల గోడలకు అంటగట్టి ఇక కదలనీయదు. తంతి స్తంభములు, రైలు పట్టాల క్రింది దిమ్మెలు, గనులలోని ఊతకర్రలు, ఇట్టివి ప్రపంచమంతట దశాబ్దముల తరబడి ఈ ద్రావణము బలముననే నిలిచినవి. చెద తినవలసిన కర్ర బహుకాలము నిలిచినదన్న, దాని బదులు నరకవలసిన చెట్లు అన్నియు అడవిలోనే మిగిలినట్లు. ఇంతటి పనిచేసిన తెలుగువాని పేరు మన విద్యార్థులలో ఎందరు విన్నారు? సినిమా నటుల జన్మదినములు మాత్రము కంఠస్థము.

ఆ కథ అంతటితో ముగియలేదు. ఆర్సెనిక్ విషము, పిల్లలు ఆడుకొను చోట్ల, ఇంటి వసారాలలో అట్టి కొయ్యను వాడరాదన్న భావము పెరిగి, అమెరికాలో 2003 సంవత్సరాంతముతో ఇండ్లకు సంబంధించిన అనేక వాడుకలనుండి తయారీదారులు దానిని ఉపసంహరించినారు. మన దేశమున ఆర్సెనిక్‌కు బదులు బోరాన్ కలిపిన మిశ్రమములు వాడుకలోనికి వచ్చినవి. కాని బోరాన్‌కు పాత జబ్బే: నీటికి కరిగి పోవును. విషము కాకుండ, కరిగి పోకుండ, చౌకగ లభించు సంరక్షక ద్రావణము ఏది అన్న ప్రశ్న నేటికిని పరిష్కారము కొరకు వేచియున్నది. కామేశముగారు కూర్చున్న బల్ల ఖాళీగనే ఉన్నదని మా అభిప్రాయము.

రెండవ పేరు కె. ఏ. చౌధురిగారిది. దెహ్రాదూన్‌లో కలప నిర్మాణమును సూక్ష్మదర్శినితో పరిశీలించు శాఖను తీర్చిదిద్ది, తరువాత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర శాఖకు ఆధిపత్యము వహించినారు. హరప్పాలో 1946 నాటి త్రవ్వకములలో ఒక సమాధినుండి కొయ్య శవపేటిక ఆనవాళ్లు లభించినవి. నాలుగువేల ఏండ్లు మట్టిలో నున్న ఆ అవశేషములను చౌధురి, ఘోష్ గార్లు పరీక్షించి 1951లో ప్రకటించినారు. పేటిక రోజ్‌వుడ్ జాతి కొయ్యతో చేసినది, మూత దేవదారుది. దేవదారు హిమాలయ వృక్షము. హరప్పా మైదానము. నలుసంత కొయ్యను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినంత మాత్రమున ఆనాటివారు కొండలనుండి కలప తెప్పించుకొనెడివారని తేలినది. వ్రాత చదువలేని ఆ నాగరికత గురించి కొయ్య ఇంత సాక్ష్యము పలికినది. అలీగఢ్ అనగానే మనవారికి సాహిత్యము, న్యాయశాస్త్రము, రాజకీయము జ్ఞాపకమునకు వచ్చును. కొయ్య ముక్కను చదివిన ఆచార్యుడు జ్ఞాపకమునకు రాడు.

కొయ్య న్యాయస్థానములో కూడ సాక్ష్యము చెప్పును. అమెరికాలో విమానచోదకుడు లిండ్‌బర్గ్ శిశువును 1932లో అపహరించినవారు ఒక కొయ్య నిచ్చెనను వదలిపోయినారు. విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ పట్టణములో 1910లో స్థాపింపబడిన కలప పరిశోధనశాలకు చెందిన ఆర్థర్ కోహ్లర్ ఆ నిచ్చెన కర్రల జాతిని, చిత్రిక యంత్రపు గుర్తులను, మేకు రంధ్రములను, వలయములను పరిశీలించి, ఆ కర్రలలో ఒకటి ముద్దాయి ఇంటి అటక పలకనుండి కోసినదని 1935 విచారణలో చెప్పినారు. ఆ తీర్పు మీద నేటికిని వాదములు కలవు, వాని జోలికి మేము పోము. చూడవలసినది ఆ పద్ధతిని. మన శేషాచలము కొండలలో ఎర్రచందనము ఉన్నది. ఆ చెట్టు సహజముగ పెరుగుచోటు ప్రపంచములో కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతపు ఈ కొండలే. దాని చేవ నీటిలో మునుగునంత బరువు. దొంగ రవాణాలో పట్టుబడిన సరుకు దుంగలుగా నున్నంతవరకు ఎవరైన గుర్తింతురు. ముక్కలుగ, పొడిగ, వస్తువులుగ మార్చి, పేరు మార్చి పంపినప్పుడు గుర్తించువాడు కావలెను. భూతద్దముతో రంధ్రముల అమరిక చూచి చెప్పగల మనిషి లేనిచో న్యాయమూర్తి ఏమి చేయును? నేడు సూక్ష్మదర్శినికి తోడు డి.ఎన్.ఏ. పరీక్ష, రసాయన ముద్రను పట్టు యంత్రములు వచ్చినవి. యంత్రములు కొనుట సులభము. పోల్చి చూచుటకు సరియైన పేరు గల నమూనాలు, వానిని నమ్మకముగ చదువగల కన్ను, ఇవి కొనిన వచ్చునవి కావు.

ఇక చేతిపనుల సంగతి. కొండపల్లి బొమ్మకు తెల్లపొనికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు, బొబ్బిలి వీణకు పనస. ఏ కొయ్య ఏ పనికో ఎవరు నిర్ణయించినారో గాని తప్పు లేదు. తెల్లపొనికి ఉలికి మెత్తగా లొంగును, బరువుండదు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో కాళ్లు చేతులు అతుకుదురు. అంకుడు తరిణె మీద నునుపుగ తిరిగి లక్కను పట్టుకొనును. ఏకాండి వీణను ఒకే పనస దుంగనుండి తొలిచి తీయుదురు. నేడు ఈ పనివారి మొదటి ఫిర్యాదు గిరాకీని గురించి కాదు, కొయ్యను గురించి. అడవిలో పొనికి దొరకుట కష్టమైనది. పొనికిని తోటలలో ఎట్లు పెంచవలెను, పెంచిన కొయ్య అడవి కొయ్య గుణమునే చూపునా, చూపనిచో దాని బదులు ఏది పనికివచ్చును? ఇవి మంత్రులు ఉపన్యాసములలో తేల్చవలసినవి కావు, ప్రయోగశాలలో కొలిచి తేల్చవలసినవి. ఒక విద్యార్థి పిహెచ్.డి. పట్టాకు చాలినంత పని ఆ ఒక్క పొనికి చెట్టులో ఉన్నది.

ఉత్తరాదిన సహారన్‌పూర్‌లో చెక్కడపు పనివారిలో అధికులు ముస్లిములు. వారి కొయ్య శీషమ్. ఆ జాతి వృక్షములన్నింటిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేర్చుటకు 2016లో నిర్ణయమై, 2017 జనవరినుండి అమలులోనికి వచ్చినది. మన దేశమున పుష్కలముగ, పొలము గట్ల మీద సైతము పెరుగు శీషమ్ కూడ అందులో చేరినందున, పత్రము లేనిదే ఒక పెట్టెను ఓడ ఎక్కించుట కష్టమైనది. 2019లో పది కిలోల లోపు కొయ్య గల వస్తువులకు కొంత సడలింపు లభించినది. ఈ బేరమంతయు జరిగిన సభలలో మాట్లాడినది ఉలి పట్టినవారు కాదు. ఇది ఏ జాతి, ఎంత పెరుగుచున్నది, ఒక వస్తువులో ఎంత కొయ్య ఉన్నది అని లెక్క చూపగల చదువరులు. తమలోనుండి అట్టి చదువరి ఒకడు ఉండుటకును, లేకుండుటకును ఎంత భేదమో ఆ పట్టణపు పనివారిని అడిగిన చెప్పుదురు.

ఉద్యోగముల విషయము దాచక చెప్పుట ధర్మము. ఈ చదువు చదివినవారికి కొలువులు వరదవలె వచ్చి పడవు. ప్రభుత్వ పరిశోధన సంస్థలలో శాస్త్రజ్ఞుల పదవులు కొద్ది, ప్రకటనలు అరుదు. మూడు నాలుగేండ్లు తాత్కాలిక పరిశోధకులుగ గడపవలసి రావచ్చును. ఇంటిలో నెల తిరుగువరకు జీతము రావలసిన అవసరమున్న విద్యార్థి ఈ సంగతి ముందే తెలిసికొనవలెను. కాని ప్రభుత్వమొక్కటే యజమాని కాదు. హర్యానాలోని యమునానగర్‌లోను, కేరళలోని పెరుంబావూరులోను ప్లైవుడ్డు కర్మాగారములు వరుసలు కట్టి ఉన్నవి. ఫినాలు, యూరియా, ఫార్మాల్డిహైడు జిగురులను కాచి, వాని నాణ్యతను పరీక్షించువాడు అక్కడ లేనిదే గడువదు. ఓడలకు వాడు రకము పలకను 72 గంటలు నీటిలో ఉడికించి పొరలు విడునో లేదో చూడవలెను. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్లైవుడ్డుకు నాణ్యతా చిహ్నమును తప్పనిసరి చేయు ఉత్తర్వును వెలువరించినందున పరీక్షించువారి అవసరము హెచ్చినది. విదేశములకు పోవు ప్రతి కొయ్య పెట్టెను నడిమి భాగము సహా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషములు ఉంచవలెనన్న అంతర్జాతీయ నిబంధన ఒకటి కలదు. దానిని అమలుపరచు బట్టీలకు మనుషులు కావలెను. కాగితపు మిల్లులు, పురాతన వస్తువులను కాపాడు ప్రదర్శనశాలలు వేరు.

చదువుటకు దెహ్రాదూన్ సంస్థ ఉన్నది. 1906లో స్థాపింపబడి, 1991లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. కలప శాస్త్రములో రెండేండ్ల ఎమ్.ఎస్సీ. ఉన్నది, ప్రవేశము పరీక్ష ద్వారా. కేరళలోని కన్నూరు విశ్వవిద్యాలయములో కూడ ఈ శాఖ కలదు. బెంగుళూరులో 1938నాటి ప్రయోగశాలగా మొదలై 1988లో నేటి రూపము దాల్చిన కలప శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధనకు మనకు దగ్గరి చోటు. ఇది వృక్షశాస్త్రము చదివినవారికి మాత్రమేనని అందరును భ్రమపడుదురు. భౌతిక, రసాయన, గణిత శాస్త్రములు చదివినవారికి దెహ్రాదూన్ ద్వారము తెరచియున్నది. ఇంజనీరింగు సీటు రాలేదని దిగులుపడి బి.ఎస్సీ.లో చేరి, మూడేండ్లు ఆ దిగులుతోనే గడపు మన విద్యార్థులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను. ఏటేటి నియమములను ప్రకటనలో సరిచూచుకొనవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. విద్యార్థినుల తల్లిదండ్రులకు ఒక మాట: కొయ్య అనగానే మోత పని అనుకొనవలదు. ఇరవై మైక్రాన్ల మందమున కొయ్య పొరను కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద పరచు పనికి కావలసినది బలము కాదు, ఓర్పు.

ఇది చెట్లు నరకు శాస్త్రము కదా, అడవులు తరిగిపోవు కాలములో దీనిని ప్రోత్సహింతురా అని ఒక ఆక్షేపణ వినవచ్చినది. మా దృష్టిలో ఇది తలక్రిందులైన వాదము. కలపను ఎరుగనివాడు పది దుంగలు పాడుచేయు చోట ఎరిగినవాడు ఆరింటితో పని జరుపును. ఎండిన కొయ్య బరువులో సుమారు సగము కర్బనము. బాగుగ ఆరిన తలుపు నూరేండ్లు నిలిచినచో ఆ కర్బనము నూరేండ్లు గాలిలోనికి పోదు. ఇనుము, సిమెంటు, ప్లాస్టికు తయారీలో వెలువడు పొగ ఎవరి లెక్కలోనిది? లకడీకాపూల్‌లో నేడు కొయ్య వంతెన లేదు, పేరు మాత్రము మిగిలినది. కొయ్యను పాతకాలపు వస్తువుగ త్రోసివేయుట ఆ పేరు పలుకుచు దాని అర్థము మరచుటవంటిదే.

నిజమైన అడ్డంకి మరొకటి ఉన్నది. ఈ శాస్త్రము యావత్తు ఇంగ్లీషులో ఉన్నది. ఉర్దూ మాధ్యమమున చదివివచ్చిన బాలుడు, తెలుగు మాధ్యమమున చదివివచ్చిన బాలిక, ఇరువురును మొదటి పుటలోనే జంకుదురు. కాని ఆ పుటలోని వస్తువుల పేర్లు వారి ఇండ్లలో ఉన్నవి. టేకు అన్నను సాగ్వాన్ అన్నను ఒకటే. తుమ్మ బబూల్, పనస కటహల్, చందనము సందల్. చేవ, తెల్లచెక్క, దవ్వ, పుచ్చు అను మాటలు ఏ నిఘంటువు తెరవకయే మన వడ్రంగుల నోట వచ్చును. రెండు భాషలు గల కళాశాల ఈ పనిని చేయక మరెవరు చేయుదురు?

కమిటీ వారిని మేము కోరునది భవనము కాదు, కొత్త శాఖ కాదు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఒక గాజు బీరువా, పది రెట్లు పెద్దదిగ చూపు భూతద్దములు అరడజను, ఒక తేమ మాపకము. ప్రవేశ పరీక్షకు దెహ్రాదూన్ ప్రకటన వెలువడినప్పుడు దానిని గోడ పలక మీద అంటించి, దరఖాస్తు రుసుము కట్టలేని ఇద్దరికి కళాశాల నిధినుండి కట్టుట. బీరువాలోనికి నమూనాలు విద్యార్థులే తేవలెను: అరచేతి వెడల్పు, జానెడు పొడవు, ఒక వైపు చిత్రిక పట్టి, మరొక వైపు రంపపు కోత అట్లే ఉంచినది. వెనుక తెలుగు పేరు, ఉర్దూ పేరు, శాస్త్రీయ నామము, ఏ ఊరి అడితినుండి వచ్చినదో, ఇచ్చిన పనివాని పేరు. ఆ చివరి పేరును వ్రాయుట మాత్రము మరువరాదు. వచ్చు విద్యాసంవత్సరము మొదటి వారములో తేదలచినవారు ప్రయోగశాల సహాయకుని వద్ద తమ పేర్లు ఈయవచ్చును. తుమ్మ, వేప, మామిడి ఇప్పటికే చేరినవి, నల్లమద్ది, ఏగిస, తునికి ఇంకను రావలసియున్నవి.